కెనడాలో ఫ్రెంచ్ ఇమ్మర్షన్ కోసం ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

కెనడాకు వచ్చే మన కుటుంబాలు ఇల్లు వెతికేటప్పుడు ముందు చూసేవి మూడే: ఆఫీసు ఎంత దూరం, అద్దె ఎంత, పక్కన మనవాళ్లు ఉన్నారా. మేమూ అవే చూశాం. టొరంటో పక్క ఊళ్లో ఒక టౌన్‌హౌస్ నచ్చి ఫిబ్రవరిలో దిగాం. అప్పటికి మా అబ్బాయి ఎస్కేలో ఉన్నాడు, మన లెక్కలో యూకేజీ. మార్చిలో స్కూలుకు వెళ్లి ఫ్రెంచ్ ఇమ్మర్షన్ (మిగతా సబ్జెక్టులు కూడా ఫ్రెంచ్‌లోనే చెప్పే చదువు) గురించి అడిగితే, దరఖాస్తుల గడువు జనవరిలోనే అయిపోయిందన్నారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకున్నాం. ఆ లిస్టు నుంచి మాకు ఫోన్ రానేలేదు. ఒక్క నెల ఆలస్యానికి వాడు నాలుగో తరగతి దాకా ఆగాడు, అది కూడా ఈలోపు మేం ఒటావాకు మారబట్టి కుదిరింది.

మాకు తెలియని సంగతి ఒకటే. ఇక్కడ ఇమ్మర్షన్ సీటు ఊరిని బట్టి రాదు. మీ ఇల్లు ఏ స్కూల్ బోర్డు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) కిందికి వస్తుంది, ఆ బోర్డు ఏ తరగతిలో తలుపు తెరుస్తుంది, ఎప్పుడు మూస్తుంది అన్నదాన్ని బట్టి వస్తుంది. రోడ్డుకు అటువైపు ఒక నియమం, ఇటువైపు ఇంకొకటి ఉండొచ్చు. అందుకే అడ్వాన్సు కట్టకముందే ఇవన్నీ చూసుకోవాలి.

## ముందు, ఇమ్మర్షన్ అంటే ఏది?

ఒంటారియోలో ఇంగ్లిష్ స్కూళ్లలో చదివే పిల్లలందరికీ నాలుగో తరగతి నుంచి ఫ్రెంచ్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది. దాన్ని కోర్ ఫ్రెంచ్ అంటారు. ఎనిమిదో తరగతి అయ్యేసరికి అది మొత్తం 600 గంటలు. మధ్యలో ఎక్స్‌టెండెడ్ ఫ్రెంచ్ అని ఉంది, అది 1,260 గంటలు. ఇమ్మర్షన్‌లో కనీసం 3,800 గంటలు. ఇమ్మర్షన్ పిల్లలు ఫ్రెంచ్ పాఠాలు నేర్చుకోవడంతో ఆగరు, సైన్సు, సోషల్ లాంటివి కూడా ఫ్రెంచ్‌లోనే చదువుతారు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, "కోర్ ఫ్రెంచ్ ఉందిగా, చాలదా?" అనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఈ పద్ధతి పుట్టింది 1965లో, మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో. తమ పిల్లలకు ఫ్రెంచ్ సరిగ్గా రావడం లేదని ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు కొందరు పట్టుబట్టి ఒక కిండర్‌గార్టెన్ క్లాసు పెట్టించారు. మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన వాలెస్ లాంబర్ట్ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, వాళ్ల ఇంగ్లిష్‌కు నష్టమేమీ జరగలేదని చూపించారు. మన ఇళ్లలో "ఇంగ్లిష్ పాడైపోతుందేమో" అని టెన్షన్ పడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

## ఇల్లు చూసేముందు అడగాల్సినవి

ఏ తరగతిలో చేర్చుకుంటారు? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కొన్ని బోర్డులు ఎస్కేలో, కొన్ని ఒకటో తరగతిలో, ఒకటి రెండోదిలో మొదలుపెడతాయి. ఆ ఏడాది దాటిందంటే, ఫ్రెంచ్ రాని పిల్లవాడిని మధ్యలో చేర్చుకోవడం చాలాచోట్ల కుదరదు. ఒంటారియోలో పిల్లల తరగతి పుట్టిన క్యాలెండర్ సంవత్సరాన్ని బట్టి ఉంటుంది: నాలుగేళ్లు నిండే ఏడాది జేకే (మన ఎల్‌కేజీ), అయిదుకు ఎస్కే, ఆరుకు ఒకటో తరగతి. డిసెంబర్‌లో పుట్టిన పిల్లలు మనం అనుకున్న దానికంటే ముందే ఆ మెట్టు దగ్గరికి వచ్చేస్తారు.

సీటు ఖాయమా, లాటరీయా? లాటరీ అయితే అదే వీధిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. కొన్ని బోర్డుల్లో అన్నో అక్కో అదే ప్రోగ్రాంలో ఉంటే చిన్నవాళ్లకు ప్రాధాన్యం ఇస్తారు. అంటే మొదటి బిడ్డ సీటే ఇంట్లో అందరి సీటు.

ఏ స్కూలు, బస్సు ఉందా? ఇంటి ఎదురుగా ఉన్న స్కూల్లో ఇమ్మర్షన్ ఉండకపోవచ్చు. మీ అడ్రసుకు బోర్డు కేటాయించిన స్కూలు నాలుగు కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఒక్క కారు ఉన్న ఇంట్లో బస్సు ఉందా లేదా అన్నదే అంతా తేలుస్తుంది. జనవరి పొద్దున మైనస్ ఇరవైలో బస్సు కోసం పిల్లతో నిలబడితే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది.

లెక్కలు ఏ భాషలో? ఇది ఎవరూ అడగరు, తర్వాత బాధపడతారు. కొన్నిచోట్ల లెక్కలు ఇంగ్లిష్‌లో, కొన్నిచోట్ల ఫ్రెంచ్‌లో. మా తోడికోడలు వాళ్లది మార్కమ్. ఒకసారి వాళ్లింటికి వెళ్తే, రెండో తరగతి చదివే వాళ్లబ్బాయి తీసివేతలు చేస్తున్నాడు. 97 చూపించి "కాత్ర్-వాఁ-దీ-సెత్" అన్నాడు. "ఏంట్రా అది?" అంది వాళ్లమ్మ. "నాలుగు ఇరవైలు, పదిహేడు అమ్మా" అని విడమర్చి చెప్పాడు. ఫ్రెంచ్‌లో తొంభై ఏడును అలాగే అంటారు. ఆవిడ అంకెలన్నీ తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ మీద అంటించుకుని వాడితోపాటు నేర్చుకుంది. లెక్కలు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలనుకునే తల్లిదండ్రులు మనలో ఎక్కువ కాబట్టి, ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

పన్నెండో తరగతి దాకా సాగుతుందా? ఒంటారియోలో హైస్కూల్ చివర ఇమ్మర్షన్ సర్టిఫికెట్ రావాలంటే ఫ్రెంచ్‌లో పది క్రెడిట్లు కావాలి. దగ్గరి హైస్కూల్లో అన్ని సబ్జెక్టులు ఫ్రెంచ్‌లో దొరక్కపోతే ఎనిమిదేళ్ల శ్రమ మధ్యలో ఆగిపోతుంది.

## ఊరూరా ఎలా ఉంటుంది

### ఒటావా

నా మాట అడిగితే, ఫ్రెంచ్ కోసమే ఊరు ఎంచుకోగలిగినవాళ్లకు మొదటి ఎంపిక ఇదే. ఇక్కడి ఇంగ్లిష్ పబ్లిక్ బోర్డులో జేకే, ఎస్కే రెండేళ్లూ పిల్లలందరికీ సగం ఇంగ్లిష్, సగం ఫ్రెంచ్. లాటరీ గొడవ లేకుండా నాలుగేళ్ల పిల్లకు ఫ్రెంచ్ చెవిన పడటం మొదలవుతుంది. ఆ రెండేళ్లు చూసుకుని ఒకటో తరగతిలో ఇమ్మర్షన్‌కు వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకోవచ్చు. మా అమ్మాయి ఇలాగే చేరింది. అబ్బాయి విషయంలో పడ్డ ఆందోళనలో పదో వంతు కూడా పడలేదు.

రెండో లాభం, ఫ్రెంచ్ బడి గేటు దగ్గర ఆగిపోదు. లైబ్రరీలో, ఈత క్లాసులో, ఆఫీసుల్లో రెండు భాషలూ వినిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలావాటికి రెండు భాషలూ రావాలి, ఆ ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న ఊరు ఇదే. పిల్లలకు "ఎందుకు నేర్చుకోవాలి" అని చెప్పక్కర్లేదు, పక్కింటి అంకుల్ పొద్దున్నే ఏ భాషలో ఫోన్ మాట్లాడుతున్నాడో వాళ్లే వింటారు.

మన ఐటీ వాళ్లు ఎక్కువగా కనాటాలో, బార్‌హేవన్‌లో ఉంటారు. టొరంటో శివార్లంత పెద్ద తెలుగు సమాజం ఇక్కడ ఉండదు, ఉద్యోగాల రకాలు కూడా తక్కువే. మా అబ్బాయి చేరినప్పుడు నాలుగో తరగతిలో కూడా ప్రవేశం ఉండేది. ఇలాంటి ఆలస్య ప్రవేశాల్ని బోర్డులు తీసేస్తూ, మారుస్తూ ఉంటాయి. దాన్ని నమ్ముకుని ఇల్లు మాత్రం చూడొద్దు.

ఇంకో హెచ్చరిక. నది దాటితే గాటినో. ఇల్లు చవకని ఏజెంట్లు వంతెన అవతల కూడా చూపిస్తారు. కానీ అది క్యుబెక్. అక్కడ బడి చట్టం పూర్తిగా వేరు, దాని గురించి కింద చెప్తాను.

### టొరంటో, చుట్టుపక్కల ఊళ్లు

మన జనం ఎక్కువగా ఉన్నది ఇక్కడే, గందరగోళం ఎక్కువ కూడా ఇక్కడే. ఒక్క హైవే మీద గంట ప్రయాణంలో అయిదారు బోర్డులు, ఎవరి పద్ధతి వాళ్లది.

బ్రాంప్టన్, మిస్సిసాగా పీల్ బోర్డు కిందికి వస్తాయి. ఇమ్మర్షన్ ఒకటో తరగతిలో మొదలు. ఒకటో తరగతి పిల్లల్లో నాలుగో వంతుకు సీట్లు పరిమితం చేసి లాటరీ పెట్టిన బోర్డు ఇది. గుడి దగ్గర, ఇండియన్ షాపులు దగ్గర, చుట్టాలు దగ్గర, అన్నీ కుదిరినా సీటు మాత్రం అదృష్టం. సీటు రాకపోతే ఏం చేస్తామో ముందే అనుకుని ఇక్కడికి రావాలి.

మార్కమ్, రిచ్‌మండ్ హిల్ ఉన్న యార్క్ బోర్డులోనూ ఒకటో తరగతే. ఒకటి నుంచి మూడు దాకా చదువంతా ఫ్రెంచ్‌లోనే, ఇంగ్లిష్ నాలుగులో మొదలవుతుంది. ఫ్రెంచ్ పునాది గట్టిగా పడేది ఇలాంటి చోటే. అయితే మూడేళ్లపాటు పిల్లవాడు ఇంగ్లిష్ చదవడం నేర్చుకునే బాధ్యత చాలావరకు ఇంటి మీద పడుతుంది. రోజూ పడుకునే ముందు ఒక ఇంగ్లిష్ కథ చదివే ఇంటికి ఇది సమస్యే కాదు. ఇద్దరూ రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరే కుటుంబానికి కష్టం.

మిల్టన్, ఓక్‌విల్ ఉన్న హాల్టన్ బోర్డు రెండో తరగతిలో మొదలుపెడుతుంది. మాలాంటి వాళ్లకు ఇది రెండో అవకాశం. పిల్లవాడు ఒకటో తరగతిలో ఉండగా ఇండియా నుంచి దిగినా, పక్క బోర్డులో ఒకటో తరగతి గడువు తప్పిపోయినా, హాల్టన్‌లో ఇంకా తలుపు తెరిచే ఉంటుంది. అప్పట్లో ఈ ముక్క ఎవరైనా చెప్పుంటే మేం మిల్టన్‌లో దిగేవాళ్లం.

టొరంటో నగరంలో మాత్రం తొలి ప్రవేశం ఎస్కేలో, అంటే దరఖాస్తు పిల్లకు నాలుగేళ్లున్నప్పుడే. ఆలోచించుకుందాంలే అనుకునేలోపు గడువు దాటిపోతుంది.

ఈ ప్రాంతంలో క్యాథలిక్ బోర్డులు కూడా ఫ్రెంచ్ ప్రోగ్రాంలు నడుపుతాయి. ఎలిమెంటరీలో చేరాలంటే మామూలుగా జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడుగుతారు. మన తెలుగు క్యాథలిక్ కుటుంబాలకు ఇది అదనంగా దొరికే దారి. ఇండియాలో పారిష్ నుంచి ఆ కాగితం ముందే తెచ్చుకోండి.

పూర్తిగా ఫ్రెంచ్ బోర్డుల స్కూళ్లు వేరే ఉన్నాయి. అవి ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవాళ్లకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఇతరులు అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లాలి. తల్లిదండ్రుల్లో ఒకరికైనా ఫ్రెంచ్ బాగా వస్తే ప్రయత్నించండి. రాకపోతే, బడి నుంచి వచ్చే ప్రతి ఉత్తరం, ప్రతి మీటింగ్ ఫ్రెంచ్‌లోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

### మాంక్టన్, న్యూ బ్రున్స్‌విక్

కెనడా మొత్తంలో రెండు అధికార భాషలున్న ప్రావిన్సు ఇదొక్కటే. మాంక్టన్ నగరం 2002లో తనను తాను ద్విభాషా నగరంగా ప్రకటించుకుంది. పక్కనే ఉన్న డియెప్‌లో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లే ఎక్కువ. పూర్తిగా ఫ్రెంచ్‌లో నడిచే యూనివర్సిటీ కూడా ఊళ్లోనే ఉంది. ఇంగ్లిష్ స్కూళ్లలో ఇమ్మర్షన్ ఒకటో తరగతిలో మొదలవుతుంది, ఆరో తరగతిలో ఆలస్య ప్రవేశం కూడా ఉంది. ఇళ్ల ధరలు టొరంటోతో పోల్చే పనే లేదు.

ఇక్కడ నాకు భయం కలిగించేది నిలకడ. ఒకప్పుడు ప్రవేశాన్ని మూడో తరగతికి జరిపారు, 2017లో మళ్లీ ఒకటికి తెచ్చారు. తర్వాత ప్రభుత్వం ఇమ్మర్షన్‌నే తీసేసి అందరికీ సగం సగం పద్ధతి పెడతామంది. తల్లిదండ్రులు పెద్ద ఎత్తున ఎదురు తిరగడంతో 2023లో వెనక్కి తగ్గింది. రిమోట్ ఉద్యోగం ఉన్నవాళ్లకు మంచి ఊరే. మన ఉద్యోగాలు మాత్రం తక్కువ, తెలుగు మాట వినాలంటే వెతుక్కోవాలి.

### ఎడ్మంటన్

భాష అంటే ఫ్రెంచే కానక్కర్లేదు అనుకునేవాళ్లు చూడాల్సింది ఇది. 1970ల్లోనే ఇక్కడ ఉక్రేనియన్ ద్విభాషా బోధన మొదలైంది. మాండరిన్ ప్రోగ్రాం 1982 నుంచి ఉంది. అరబిక్, జర్మన్, హీబ్రూ, స్పానిష్ కూడా ఉన్నాయి. వీటిలో రోజులో సుమారు సగం ఆ భాషలో నడుస్తుంది. ఫ్రెంచ్ ఇమ్మర్షన్ ఎలాగూ ఉంది, ఏడో తరగతిలో ఆలస్య ప్రవేశంతో సహా. మన దక్షిణాసియా వాళ్లు ఎక్కువగా ఉండే మిల్‌వుడ్స్‌లోనే మేయోనాక్ అనే మాండరిన్ ద్విభాషా స్కూలుంది.

మీ ప్రాంతం స్కూలే అన్న కట్టుబాటు లేకుండా, చోటుంటే వేరే స్కూలుకు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంత దూరం పంపే బాధ్యత మాత్రం మీదే. బడి బయట ఫ్రెంచ్ వినిపించేది తక్కువ, బోనీడూన్ వైపు కాస్త వినబడుతుంది.

### మాంట్రియల్, గాటినో

ఇమ్మర్షన్ పుట్టింది ఇక్కడే అయినా మనకు అందేది ఇమ్మర్షన్ కాదు. 1977 నాటి బిల్ 101 అనే భాషా చట్టం ప్రకారం వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఫ్రెంచ్ స్కూల్లోనే చేరాలి. తల్లో తండ్రో కెనడాలో ప్రాథమిక విద్యను ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో చదివి ఉంటే మినహాయింపు. సెయింట్ లాంబర్ట్ తరహా క్లాసులు ఇంగ్లిష్ బోర్డుల్లో ఉంటాయి కాబట్టి మన పిల్లలకు ఆ తలుపు మూసే ఉంటుంది. వర్క్ పర్మిట్ మీద తాత్కాలికంగా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, 2022 చట్టం తర్వాత దానికీ మూడేళ్ల పరిమితి వచ్చింది.

కొత్తగా వచ్చిన పిల్లల్ని ముందు "అక్యూయ్" అనే స్వాగత తరగతిలో పెట్టి ఫ్రెంచ్ నేర్పుతారు. ఆ తర్వాత మామూలు క్లాసులో ఫ్రెంచ్ పిల్లల మధ్య కూర్చుంటారు. ఫ్రెంచ్ వచ్చే తీరు చూస్తే దీనికి సాటి ఏదీ లేదు, రెండేళ్లలో ఆటస్థలంలో పోట్లాడుకునేది కూడా ఫ్రెంచ్‌లోనే. కానీ మొదటి ఏడాది పిల్లకు చాలా ఒంటరితనం. ఇక్కడే స్థిరపడాలన్న నిశ్చయం, తల్లిదండ్రులు కూడా నేర్చుకునే ఓపిక ఉంటేనే రండి.

## ఒక్క చూపులో

| చోటు | మొదలయ్యే తరగతి | సీటు | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|
| ఒటావా పబ్లిక్ బోర్డు | జేకే నుంచి సగం సగం, ఇమ్మర్షన్ ఒకటిలో | లాటరీ బెడద లేదు | ఫ్రెంచ్‌కే మొదటి ప్రాధాన్యం ఇచ్చేవాళ్లు |
| పీల్ | ఒకటి | పరిమితి, లాటరీ | చుట్టాలు, సమాజం ముఖ్యమనుకునేవాళ్లు |
| యార్క్ | ఒకటి, మూడేళ్లు అంతా ఫ్రెంచ్ | గడువులోగా పెట్టాలి | ఇంట్లో ఇంగ్లిష్ చదివించగలవాళ్లు |
| హాల్టన్ | రెండు | గడువులోగా పెట్టాలి | ఒకటో తరగతి తప్పిపోయినవాళ్లు |
| మాంక్టన్ | ఒకటి, ఆలస్యంగా ఆరు | నియమాలు మారుతుంటాయి | రిమోట్ ఉద్యోగులు |
| ఎడ్మంటన్ | మొదటి తరగతులు, ఫ్రెంచ్‌కు ఆలస్యంగా ఏడు | చోటుంటే వేరే స్కూలు కూడా | మాండరిన్, అరబిక్ లాంటివి కావాలనుకునేవాళ్లు |
| మాంట్రియల్, గాటినో | ఏ వయసులోనైనా | తప్పనిసరి | స్థిరపడే నిశ్చయం ఉన్నవాళ్లు |

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

ఏటా అద్దె ఇల్లు మారేవాళ్లు, కంపెనీ ఎక్కడికి పంపుతుందో తెలియనివాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నాలుగో తరగతిలో ఇమ్మర్షన్ పిల్లను తీసుకుని ఇంకో బోర్డుకు వెళ్తే అక్కడ చోటుండాలి, బోధన తీరూ కలవాలి. కనీసం అయిదేళ్లు ఒకే బోర్డు పరిధిలో ఉండగలమనుకుంటేనే మొదలుపెట్టండి. ఇల్లు మారినా అదే బోర్డులో, వీలైతే అదే స్కూలు పరిధిలో మారండి.

తొమ్మిది, పదేళ్ల పిల్లలతో దిగేవాళ్లు తొలి ప్రవేశం గురించి బాధపడొద్దు. బ్రిటిష్ కొలంబియాలో ఆరో తరగతిలో ఆలస్య ఇమ్మర్షన్ ఉంది, మాంక్టన్‌లోనూ ఆరే. అప్పటికే తెలుగు, ఇంగ్లిష్, హిందీ చదివిన పిల్లలు మూడో నాలుగో భాషకు బెదరరు. మా అబ్బాయి నాలుగులో చేరి, మొదటి మూడు నెలలు రోజూ తలనొప్పి అన్నాడు. సంక్రాంతి నాటికి ఆ మాట మానేశాడు.

మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల సంగతి ఇంకొకటి. "ఇలాంటి వాళ్లకు ఇమ్మర్షన్ వద్దు" అని ఎవరైనా తేలిగ్గా చెప్తే వెంటనే ఒప్పుకోవద్దు. ప్రత్యేక సహాయం ఇచ్చే టీచరు ఇమ్మర్షన్ వైపు కూడా ఉన్నారా అని ప్రిన్సిపల్‌ను సూటిగా అడగండి. ఆ జవాబు స్కూలు స్కూలుకూ మారుతుంది. ఫ్రెంచ్ టీచర్ల కొరత చాలా బోర్డుల్లో ఉంది కాబట్టి, క్లాసుకు శాశ్వత టీచరు ఉన్నారా అని కూడా అడగండి.

అద్దెకు సంతకం పెట్టేముందు మా ఆయన ఇప్పుడు ఒక పని తప్పకుండా చేస్తారు. ఇంటి నంబరు, వీధి పేరు బోర్డు వెబ్‌సైటులో కొట్టి ఇమ్మర్షన్‌కు ఏ స్కూలు వస్తుందో చూసి, బోర్డుకు ఫోన్ చేసి బస్సు గురించి అడుగుతారు. పక్క వీధి అయితే వేరే స్కూలు రావడం మేం రెండుసార్లు చూశాం.

## తెలుగు ఎక్కడ సర్దుతారు?

రోజంతా ఫ్రెంచ్, ఆటల్లో ఇంగ్లిష్, మరి తెలుగు? ఊరు ఎంచుకునేటప్పుడే ఇది కూడా లెక్కలోకి రావాలి. టొరంటో శివార్లకు ఈ విషయంలో ఎదురులేదు. వారాంతపు తెలుగు బడులున్నాయి, పండగలకు పిల్లల జట్టు దొరుకుతుంది. ఒంటారియోలో బోర్డులే శనివారాలు అంతర్జాతీయ భాషల క్లాసులు నడుపుతాయి. తగినంతమంది తల్లిదండ్రులు రాసి అడిగితే కొత్త భాషకూ క్లాసు పెట్టాలి. ఒటావా, మాంక్టన్ లాంటిచోట్ల ఈ బరువు ఇంటి మీదే ఉంటుంది. మా ఇంట్లో నియమం ఒకటే: వంటింట్లో, భోజనాల దగ్గర తెలుగు.

పోయిన ఆదివారం మా అమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్‌లో ఉంది. మా అమ్మాయి చాలా సీరియస్‌గా చెప్పింది: "అమ్మమ్మా, మా స్కూల్లో బల్ల అమ్మాయి." అమ్మకు ముందు అర్థం కాలేదు. ఫ్రెంచ్‌లో వస్తువులకు కూడా ఆడా మగా ఉంటాయని పిల్ల తెలుగులోనే ఓపిగ్గా వివరించింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని అడిగింది: "మరి కుర్చీ?"

"కుర్చీ కూడా అమ్మాయే."

"మరి మంచం?"

"మంచం అబ్బాయి."